పాటిగడ్డ పెంకులు

మే 12, ఆదివారం

పురావస్తు తవ్వకాల్లో పని నేర్చుకోవాలంటే ముందు మా ఊరి పాటిగడ్డతో మొదలుపెట్టమన్నారు కాలేజీ సార్. పాత ఊరు పూడిపోయిన ఆ దిబ్బలో మట్టి పొరల బొమ్మ కొలతలతో గీసుకొస్తే, వచ్చే నెల తన వెంట తీసుకెళ్తానన్నారు. పొద్దున టేపు పట్టుకుని వెళ్తే దిబ్బే లేదు. ఆ మన్ను పంటకు బలమని బాపు ట్రాక్టర్లు పెట్టి మా పత్తిచేనుకు తోలించేశాడు.

ఏడుపు మొహంతో ఇంటికొస్తే బాపు బస్తా విప్పాడు.

"ఫికర్ జెయ్యకు బిడ్డా. నీ సదువుకు అక్కరకొస్తయని మన్నుల పాత కుండ పెంకులన్ని ఏరి, కడిగి పెట్టిన. ఒక్కటి గూడ ఇడ్వలే. మంచిగున్నయా?"

ఆయన వేళ్లన్నీ కోసుకుపోయి ఉన్నాయి. ఏ పెంకు ఏ పొరలో దొరికిందో తెలియకపోతే, అది ఏ కాలందో ఇక ఎవరూ చెప్పలేరు. సార్‌కి ఏం చెప్పాలో...

"మంచిగున్నయి బాపూ" అన్నాను.