రాజూ రాణీ సున్నాయే

చెల్లాయి శకుంతలా, సర్రీలో అందరం క్షేమం, నా కడుపుమంట తప్ప.

కేసినోలో పేక పంచే ఉద్యోగానికి ట్రైనింగ్ అవుతూ, మనవరాలు మృదుల ఇంట్లో మా చేత బాకరా ఆడిస్తోంది. ప్లేయర్, బ్యాంకర్ అని రెండు పక్షాలు. ఏది గెలుస్తుందో ముందే చెప్పడమే మన పని. చెరి రెండు ముక్కలు పంచుతుంది, లెక్క తక్కువైతే మూడోది. ఆసు ఒకటి, పదీ బొమ్మలూ సున్నా. మొత్తం పదైనా, దాటినా పది కొట్టేయాలి. తొమ్మిదికి దగ్గరైన పక్షానిదే గెలుపు.

నేను ప్లేయర్ అన్నాను. ఇస్పేటు రాజు, రాణి, ఆపైన జాకీ పడ్డాయి! "సీక్వెన్స్!" అని అరిచాను.

"అమ్మమ్మా, అది రమ్మీలో. ఇక్కడ టోటల్ జీరో," అంది మృదుల.

బ్యాంకర్ అన్న మా వియ్యపురాలు ఝాన్సీలక్ష్మిగారికి మూడూ నాలుగూ వచ్చి ఏడైంది. ఆసుకీ జాకీకీ తేడా తెలియని మనిషి! "నానమ్మా, సూపర్!" అంటూ పిల్ల ఆవిణ్ణి వాటేసుకుంది.

మన పేక కట్టలు రెండు కొరియర్ చెయ్యి, ఆవిడకి రమ్మీ నేర్పుతాను. పెరట్లో కుళాయి బాగుచేయించావా? మన ఆటలో నా చోట ఎవర్ని కూర్చోబెట్టారు? ఎవరైనా సరే, గెలవనివ్వకు.

పిల్లలకు ఆశీస్సులు. ఝాన్సీలక్ష్మిగారు నిన్ను అడిగానని రాయమన్నారు. నేను రాయలేదనుకో.

అక్క విశాలాక్షి