లొరెట్టా ఓటుకు వెళ్లిన రోజు

బ్లాక్‌టౌన్, సిడ్నీ
మే 8, 2025

భ్రమరాంబక్కకు, బావగారికి చెల్లెలు నీరజ నమస్కారాలు. మేం కులాసా. మీరూ క్షేమమని తలుస్తాను. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకు. ఒంటిగది ఇంట్లో ఫోన్లో ఏం మాట్లాడినా ఈయన చెవిన పడుతుంది.

నేను పనిచేసే వృద్ధాశ్రమంలో లొరెట్టా అనే నల్లజాతి అమెరికన్ ఆవిడ ఉందక్కా. డెబ్బై ఆరేళ్లు. పెళ్లయ్యాక ఈ దేశం వచ్చేసింది. పదహారేళ్లప్పుడు అలబామాలో ఓటు హక్కు కోసం ఊరేగింపులో నడిచిందట. అక్కడ నల్లవాళ్లు ఓటరుగా పేరు రాయించుకోబోతే ఏదో వంక పెట్టి తిప్పి పంపేవారట. వంతెన మీద పోలీసులు లాఠీలతో విరుచుకుపడ్డారని చెబుతూ నుదుటి మీద మచ్చ తడుముకుంటుంది.

పోయినేడు పక్షవాతం వచ్చాక మాట తడబడుతోంది గానీ బుర్ర బాగానే పనిచేస్తోంది. అయినా కొడుకు, ఆవిడకు మతి సరిగా లేదని డాక్టరు చేత రాయించి, ఓటర్ల జాబితాలోంచి పేరు తీయించేశాడు. ఇక్కడ ఓటు వెయ్యకపోతే జరిమానా. ఆ తలనొప్పి ఎందుకన్నాడు. ఎన్నికల వాళ్లు ముందే మా దగ్గరికి పెట్టె తెచ్చి అందరి చేతా ఓట్లు వేయించారు. ఆవిడకు మాత్రం లేదన్నారు. ఆవిడ నా వంక చూసి, మళ్లీనా అంది. అంతే.

శనివారం పోలింగ్, పక్క బడిలోనే. పొద్దున్నే కోటు తొడుక్కుని, వాకరు పట్టుకుని గదిలోంచి బయల్దేరింది. వెనకే, ఆశ్రమంలోనే ఉండే మన గుంటూరు శేషాచలంగారు. మీరు ఓటేశారుగా బాబాయిగారూ అంటే, ఆవిడ ఒక్కతే నడవాలా అమ్మా అన్నారు. ఇంకో నలుగురు ఊతకర్రలతో కదిలారు.

చివర గాజు తలుపు. నంబరు నొక్కితేగాని తెరుచుకోదు. బడి గేటు అద్దంలోంచి కనబడుతూనే ఉంది. మేనేజరు పరుగున వచ్చి, అందర్నీ గదుల్లోకి తీసుకుపొమ్మని నాకు చెప్పింది. లొరెట్టా తలుపుకి అరచెయ్యి ఆనించి నిలబడింది. నా వీసా ఈ ఉద్యోగం మీదే కదా, ఈయన వీసా నా మీద.

ఆ గలాటాలో ఎలాగో తలుపు తెరుచుకుంది. శేషాచలంగారు తోడు వెళ్లారు. వీధిలో జనం ముందు మేనేజరు ఆపలేకపోయింది. బడిలో ఎన్నికల వాళ్లు పేరు లేదని ముందు అన్నా, ఆవిడ కదలకపోయేసరికి ఓటు కాగితమిచ్చి, కవరులో పెట్టి తీసుకున్నారట. తర్వాత పరిశీలిస్తారట. లెక్కకు వస్తుందో రాదో ఎవరికీ తెలీదు. తిరిగొచ్చి, కోటైనా విప్పకుండా కూర్చుని టీ అడిగింది.

పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ చెల్లెలు,
నీరజ

తా.క.: తలుపు దానంతటదే తెరుచుకోలేదక్కా. నంబరు నొక్కింది నేనే. మేనేజరు కళ్లెదుటే నొక్కాను. సోమవారం ఉద్యోగం తీసేశారు. ఇంకెవరైనా పనిలోకి తీసుకుంటే తప్ప మేమిక్కడ ఉండలేం. ఈయనకు చెప్పలేదు. రోజూ యూనిఫారం వేసుకుని బయల్దేరి, సాయంత్రం దాకా స్టేషన్లో కూర్చుంటున్నాను. ఈ ఉత్తరమూ ఇక్కడే రాస్తున్నాను. తప్పు చేశానని అనిపించడం లేదు. ఆ మాట ఈయనతో ఎలా అనాలో తెలియడం లేదు.