ఎర్ర ముద్ర చెల్లలేదు

ఒనోమిచి, అక్టోబరు 18

మార్లిస్ అక్కా,

మేం కులాసా, బెంగపడకు.

అమెరికా అధ్యక్ష ఎన్నికకి మన జిల్లా నుంచి వచ్చిన ఓటు కాగితం నింపాను. కవరు మీద సంతకం చేయాల్సిన చోట, అలవాటు కొద్దీ నా పేరున్న ఎర్ర ముద్ర వేసి పంపేశాను. ముప్ఫై ఏళ్ళుగా ఈ జపానులో బ్యాంకులోనైనా పోస్టాఫీసులోనైనా అదేగా నా చేవ్రాలు! మన జిల్లా ఎన్నికల ఆఫీసువాళ్ళు కొత్త కవరు పంపారు. ముద్ర చెల్లదట, పద్దెనిమిదో ఏట నేను చేసిన సంతకంతో కలవాలట.

"ముద్ర కంటే గట్టిది ఇంకేం కావాలయ్యా మీ వాళ్ళకి? నిన్నే వచ్చి ఎదురుగా నిలబడమంటారా ఏంటి?" అని మా ఆవిడ చిహారు ఒకటే నవ్వు. అలా అన్నా బాగుండును అనిపించింది నాకు.

మూడు రోజులుగా కాగితాల మీద సంతకం చేస్తూనే ఉన్నాను. ఒకటి ఇంకోదానిలా రావడం లేదు.

నీ మోకాలు ఎలా ఉంది? వంటింటి తలుపు ఇంకా కిర్రుమంటోందా? రుబార్బ్ జామ్ ఒక్క సీసా పంపు.

నా పద్దెనిమిదో ఏటే కదా నీ పెళ్ళి. వచ్చినవాళ్ళం పేర్లు రాసిన పుస్తకం తీసి, అందులో నా సంతకం పక్కన ఈ కార్డు పెట్టి చూసి, వెంటనే ఫోన్ చెయ్యి. బావని అడిగానని చెప్పు.

కింద సంతకం చేసింది నేనేనా, అక్కా?

నీ తమ్ముడు
ఆర్లెన్ హాల్వర్సన్