అమ్మ నడిచేంత దారి

మార్చి 3, సోమవారం

పదిహేడు. పదిహేడు ఎర్ర స్టిక్కర్లు అంటించి వెళ్ళిందా అమ్మాయి.

హాస్పిటల్ నుంచి వచ్చిన ఫిజియో. చేతిలో ఒక కర్ర. డెబ్భై అయిదు సెంటీమీటర్లట. అమ్మ వాకర్ తిరగాలంటే అంత వెడల్పు ఉండాలట. ఆ కర్రని అడ్డంగా పట్టుకుని వీధి తలుపు నుంచి అమ్మ మంచం దాకా, మంచం దగ్గర్నుంచి బాత్రూమ్ దాకా నడిచింది. ఎక్కడ తగిలితే అక్కడ ఒక స్టిక్కర్. షూ ర్యాక్‌కి ఒకటి. అందులో పట్టని చెప్పుల కోసం కొన్న రెండో ర్యాక్‌కి ఒకటి. ఇంకా విప్పని అట్టపెట్టెల వరసకి నాలుగు. ఎక్సర్‌సైజ్ సైకిల్‌కి ఒకటి. దాని మీద బట్టలు ఆరేయడం తప్ప నేనేనాడూ ఎక్కింది లేదు.

కారిడార్ మధ్యలో కర్ర ఇరుక్కుపోయింది. ఆ అమ్మాయి నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

రెండు వారాల తర్వాత మళ్ళీ వస్తుందట. అప్పుడూ తగిలితే అమ్మని ఇంటికి పంపరట, కేర్ హోమ్‌కి పంపిస్తారట. తుంటి ఆపరేషన్ అయిన డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి ఇంకోసారి పడితే కష్టమండీ అని, చిన్నపిల్లకి చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

నేను రోజంతా చేసే పనేమిటి? కళ్ళజోళ్ళ షాపులో జనం మొహాల మీద మిల్లీమీటర్లు కొలవడం. అర మిల్లీమీటర్ తేడా రానివ్వను. నా ఇంట్లో మనిషి నడిచే దారి ఉందో లేదో కొలవడానికి మాత్రం బయటివాళ్ళు రావాల్సి వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మార్చి 4, మంగళవారం

ఆర్గనైజర్ బాక్సులు ఇరవై నాలుగు ఆర్డర్ పెట్టాను. సర్దాలంటే బాక్సులు కావాలి కదా.

మార్చి 6, గురువారం

బాక్సులు వచ్చాయి. పెట్టడానికి చోటు లేదు.

మార్చి 7, శుక్రవారం

వార్డులో ఇంక ఒక్కరోజు ఉండలేనంటోంది అమ్మ. పక్క మంచం ఆవిడ గురకకి కిటికీ అద్దాలు అదురుతున్నాయట. తిండిలో ఉప్పు లేదట. నర్సులు తనని బేబీ అంటున్నారట, ఏమిటా వేషాలు అని విసుక్కుంది. నా మంచం మీద నన్ను పడుకోనివ్వవే తల్లీ, ఇంకేమీ అడగను అంది. స్టిక్కర్ల సంగతి చెప్పడానికి నోరు రాలేదు. ఇంటికి రంగులు వేయిస్తున్నాను, ఇంకో పది రోజులు పడుతుంది అన్నాను. నమ్మలేదు. నమ్మినట్టు తలాడించింది.

ఒక సంగతి ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడా రాయను. అమ్మ బాత్రూమ్‌లో జారి పడలేదు. నేను నడవలో వదిలేసిన పార్సిల్ తట్టుకుని పడింది. అందులో ఉన్నది మడతపెట్టే టేబుల్. మూడోది. ఎలా పడ్డారు అని డాక్టర్ అడిగితే, నేను నోరు తెరిచేలోపే, బాత్రూమ్‌లో తడిగా ఉంది బాబూ, జారాను అని చెప్పేసింది. అప్పట్నుంచీ మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు.

మార్చి 9, ఆదివారం

అక్క దిగింది, చంకలో గోనెసంచుల కట్టతో. అమ్మని తన దగ్గర పెట్టుకుందామంటే వాళ్ళది నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఆ కసంతా నా సామాను మీద తీర్చుకుంది. ఒక్కోటీ ఎత్తి పట్టుకుని ఇదెప్పుడు వాడావు అంటుంది. తొమ్మిది గొడుగులెందుకే, నీకేమైనా తొమ్మిది తలకాయలున్నాయా అంది. టెంట్ ఎందుకే, నువ్వు పుట్టి బుద్ధెరిగాక ఏనాడైనా ఆరుబయట పడుకున్నావా అంది.

నేనూ ఊరుకోలేదు. నీకేం తల్లీ, నీ ఇల్లు మొగుడూ పిల్లలూ నింపారు, నా ఇల్లు నేనే నింపుకున్నాను అనేశాను. అక్క మొహం మాడిపోయింది. అనకుండా ఉండాల్సింది. కానీ అబద్ధం కాదు. మా ఆయన నన్ను వదిలి వెళ్ళిపోయి ఆరేళ్ళు. పోతూ పోతూ హాలు సగం ఖాళీ చేసుకుపోయాడు. ఆ ఖాళీ చూడలేక సోఫా కొన్నాను. సోఫా ఒక్కటే ఉంటే ఇంకా బోసిగా ఉందని దాని పక్కకి దీపం కొన్నాను. ఆపడం ఎక్కడో నాకు అర్థం కాలేదు.

ఆరు సంచులు నిండాయి, కారులోకి ఎక్కించాం. అక్క మొహం కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది. ఆ రెండు నిమిషాల్లో రెండు సంచులు వెనక్కి తెచ్చి వంటింటి తలుపు వెనక దాచాను. నా సామాను నేనే దొంగతనం చేశాను.

మార్చి 12, బుధవారం

షాపులో లెన్సులు అరగదీసే మాస్టారితో అంతా చెప్పేశాను. ఆయన దగ్గర ఉపాయం ఉందట. కొనాలనిపించిన ప్రతిదీ చీటీ మీద రాసి ఖాళీ కళ్ళజోడు డబ్బాలో వెయ్యాలి. వారం తర్వాత తెరిచి, అప్పటికీ కావాలనిపిస్తే కొనుక్కోవాలి. సాయంత్రానికే డబ్బా నిండిపోయి మూత పట్టలేదు. ఇంకో డబ్బా ఇప్పించండి మాస్టారూ అంటే ఆయనకి నవ్వు ఆగక, దగ్గొచ్చి, స్టూలు మీద కూలబడ్డారు.

ఫోన్‌లోంచి షాపింగ్ యాప్ తీసేశాను. వేలు మాత్రం దానంతటది ఆ మూలకే పోతోంది. అక్కడిప్పుడు వాతావరణం యాప్ ఉంది. పొద్దుట్నుంచీ నలభైసార్లు ఎండ ఎంతుందో చూసుకున్నాను.

మార్చి 15, శనివారం

మూడు రోజులుగా ఏమీ కొనలేదు. ఇది కూడా ఒక గొప్పేనా అంటారని ఎవరికీ చెప్పుకోలేదు.

మార్చి 16, ఆదివారం

రేపే కర్ర.

అక్క పట్టుకెళ్ళగా మిగిలినది ఇంకా కొండంత ఉంది. పారేద్దామని చేతిలోకి తీసుకుంటాను, ఇది పనికొస్తుందేమో అనిపిస్తుంది, పక్కన పెడతాను. పొద్దున్నుంచీ అదే తంతు. పన్నెండింటికి అర్థమైంది. నా వల్ల కాదు.

అప్పుడు తట్టింది. కర్ర నా గదిలోకి రాదు. వీధి తలుపు, అమ్మ మంచం, బాత్రూమ్. అంతే కదా దాని దారి!

మొత్తం నా గదిలోకి తోశాను. బాక్సుల మీద బాక్సులు, సీలింగ్ దాకా. మంచం మీద నాకు మిగిలింది దిండంత వెడల్పు. తలుపు లోపలికి తెరుచుకుంటుంది, నేను పక్కకి తిరిగితే పట్టేంత సందు ఉంది. చాలు. దిండు కింద ఈ డైరీ.

మార్చి 17, సోమవారం

తగల్లేదు! ఎక్కడా తగల్లేదు. ఫిజియో అమ్మాయి నా రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది, ఇంత తక్కువ టైమ్‌లో ఎలా చేశారండీ అంది. నా గది తలుపు వేసి ఉంది. అదేం గది అని అడిగింది. నా గదే అన్నాను. సరే అంది.

మార్చి 19, బుధవారం

అమ్మ వచ్చింది. గుమ్మంలో ఆగి నడవ ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసింది. మన ఇల్లేనా ఇది అంది. వాకర్ పట్టుకుని ఆరడుగులు వేసి ఆయాసపడితే, వెనకాల నడుం పట్టుకుని మంచం దాకా తీసుకెళ్ళాను. పడుకుని గోడని అరచేత్తో తడిమింది. రంగులేవే అని అడగలేదు.

ఏడ్చాను, వంటింట్లోకి వెళ్ళి.

మార్చి 22, శనివారం. మధ్యాహ్నం 2.40

అమ్మకి దుప్పటి మారుద్దామని నా గదిలోకి వచ్చాను. దుప్పట్ల బాక్సు అన్నిటికంటే కింద ఉంది, లాగాను. పైనున్న వరస మొత్తం కూలి, తలుపుని మూసేసి, తలుపుకీ ఎదుటి గోడకీ మధ్య ఇరుక్కుంది. తలుపు రెండు వేళ్ళ మేర కూడా రావడం లేదు. బాక్సులు తీద్దామంటే తీసి పెట్టడానికి గదిలో జానెడు చోటు లేదు. కిటికీ ఎక్కడుందో కూడా కనపడటం లేదు. ఫోన్ వంటింట్లో.

అమ్మ పిలుస్తోంది. బాత్రూమ్‌కి వెళ్ళాలట.

3.05

వస్తున్నానమ్మా అని అరుస్తూనే ఉన్నాను. మొదట విసుక్కుంది. తర్వాత బతిమాలింది. తర్వాత పిలవడం మానేసింది. ఎందుకు మానేసిందో తెలుసు. తల బాక్సుకేసి కొట్టుకున్నాను.

3.20

వాకర్ చప్పుడు. ఒక్కతే లేచింది. వద్దమ్మా, పడతావు, కూర్చో అని గొంతు చించుకున్నాను. తలుపు దగ్గరికి వచ్చి ఆగింది. లోపలేముందే అంది. సామానమ్మా అన్నాను. అంతా ఇందులోనే పెట్టావా అంది. అవునన్నాను. ఊపిరి తీసుకుంటున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. పక్కింటి వడ్రంగిని పిలుస్తాను, నువ్వు కంగారు పడకు అంది. నాకు ధైర్యం చెబుతోంది!

వీధి తలుపుకి ఇక్కణ్ణుంచి ఇరవై అడుగులు. ఆరు వేస్తేనే ఆయాసం. టక్. మళ్ళీ టక్. ఇప్పుడు ఆగింది.

ఇంకా ఆగే ఉంది.

అమ్మా అని పిలవడానికి భయంగా ఉంది. ఉలిక్కిపడుతుందేమో.

టక్.

మార్చి 23, ఆదివారం

అమ్మ పడలేదు. వీధి తలుపు తీసి, పక్కింటి వడ్రంగిని కేకేసి, అక్కడే కుర్చీలో కూర్చుండిపోయింది. ఆయన రంపంతో తలుపు పైభాగం కోశాడు. ఆ కంతలోంచి ఒక్కొక్కటే లాగి నడవలో పెట్టాడు. నాకంటే ముందు నా సామాను బయటపడింది. రెండు గంటలు పట్టింది. నేను బయటికొచ్చేసరికి నడవ నిండిపోయింది. అటుపక్క అమ్మ, తడి చీరతో, తన మంచం దగ్గరికి రావడానికి దారి లేక.

తిట్టలేదు. తిడితే బతికిపోయేదాన్ని.

ఇవాళ పొద్దున్న తనే అక్కకి ఫోన్ చేసి, కేర్ హోమ్‌లో చోటు చూడమంది. నేను కాళ్ళ మీద పడ్డాను. ఈసారి అంతా పారేస్తాను, ఒట్టు అన్నాను. పారెయ్యి, మంచిదే అంది. పిలిస్తే పలికే మనిషి కావాలే నాకు, వాళ్ళు బేబీ అన్నా పరవాలేదు, వస్తారు అంది. ఇల్లు సర్దావని ఎంత సంతోషపడ్డానో తెలుసా అంది.

చూడటానికి వచ్చేటప్పుడు ఏమీ తేవద్దంది. పళ్ళు కూడా వద్దంది.

మార్చి 30, ఆదివారం

కేర్ హోమ్‌కి ఏమీ పట్టుకెళ్ళలేదు. మంచం పక్కన కూర్చున్నాక చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్ళో పెట్టుకున్నాను, తీశాను. అమ్మ చూసి చూసి రెండిటినీ లాక్కుని పట్టుకుంది. టైమ్ అయిపోయిందని బెల్ కొట్టారు. వదల్లేదు.