పడమటి చరియ మీద చూసింది

తమ్ముడు కాప్లియానాకి,

కళ్ల ఆపరేషన్ అయిపోయిందనీ, లుంగ్లేలో కూతురింట్లో విశ్రాంతిగా ఉన్నావనీ సూమో డ్రైవర్ చెప్పాడు. సంతోషం. ఈ ఒక్క ముక్కా రాసి కాగితం మడిచేస్తే మంచివాణ్ననిపించుకుంటాను. పదిహేనేళ్లుగా నేను చేస్తున్న పని అదే. ఇవాళ మాత్రం చేతకావడం లేదు.

నిన్న ఊరి పెద్దలు మా ఇంటికొచ్చారు. వచ్చే శనివారం చర్చి హాల్లో నీ వీడ్కోలు సభట. పదిహేనేళ్లు ఫాంగ్‌పుయీ కొండని కంటికి రెప్పలా కాసినవాడివి కదా, నీ గురించి నాలుగు మంచి మాటలు చెప్పే పని నాకప్పగించారు. "ఆ రోజు కప్పు నీ చేత్తో అందించావు కదా జాదోలా, నీకంటే తగినవాడెవడున్నాడు?" అన్నారు. వంటింట్లోంచి మా ఆవిడ చోంగీ నవ్వు వినిపించింది. వాళ్లు మెట్లు దిగాక బయటికొచ్చి, "తాగినవాడికి ఉద్యోగమొచ్చింది, వద్దన్నవాడికి పేరొచ్చింది. వెళ్లి పొగుడు. ఆ పేరుతోనే రాత్రికి కూర వండుతాలే" అంది. దాని నోటికి దణ్ణం పెట్టాలి.

ఆ రోజు నీకు గుర్తుందా? నాకు గుర్తు లేని ఘడియ లేదు. అడవిశాఖ నుంచి పెద్ద ఆఫీసరొచ్చాడు. ఈ కొండ మీద సాథర్ మేకలు ఇంకా మిగిలున్నాయా, మన తుపాకులకే అయిపోయాయా తేల్చమన్నాడు. వాటిని కళ్లారా చూసినవాణ్నే కొండకి కాపలాగా వేసుకుంటానని కూడా అన్నాడు. పది మందిమి బయల్దేరాం. ఫార్‌పాక్ పచ్చికలో గుడారాలేసి, పొద్దున్నే తలోవైపూ విడిపోయాం. నువ్వు లోయలోకి దిగావు. నేను పడమటి చరియ అంచున, మనిషి పాదం మాత్రమే పట్టే ఆ రాతిగట్టు మీదికి పాక్కుంటూ వెళ్లాను. కిందనుంచి మంచు పాలు పొంగినట్టు పైకొస్తోంది. నా చెయ్యి నాకే కనబడలేదు. కదిలితే రెండువేల అడుగులు కిందికి పోతాను, అందుకని కదల్లేదు.

మంచు ఒక్కసారి చీలింది. బారెడు దూరంలో సాథర్ తల్లి. నా వైపే చూస్తోంది. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, చోంగీకి కూడా. నీకు రాస్తున్నానంటే ఎంత కోపమొచ్చిందో అర్థం చేసుకో. బూడిద కలిసిన గోధుమరంగు ఒళ్లు. గొంతు కింద తెల్లటి మచ్చ, బిడ్డకి పాలు పడుతుంటే ఒలికినట్టు. పొట్టి కొమ్ములు వెనక్కి వంగి ఉన్నాయి. కళ్లు నలుపు కాదు కాప్లియానా, తేనెరంగు. ఊపిరి వదిలినప్పుడల్లా నా ముఖానికి వెచ్చగా తగిలింది. దాని పొట్ట కింద దూరి పిల్ల నిలబడింది. తల్లి భయపడలేదు. వీడెక్కడి పిచ్చివాడు ఇక్కడిదాకా వచ్చాడు అన్నట్టు చూసి, కాళ్లు కూడదీసుకుని, ఆ నిట్టనిలువు రాతి మీదే పిల్లతో సహా పక్కకి నడిచిపోయింది. నేను ఏడ్చాను. నిజంగా ఏడ్చాను.

మధ్యాహ్నం గుడారాల దగ్గర పెద్దాయన థాంగ్‌బూంగా అడవిదున్న కొమ్ము కప్పులో బెల్లం టీ పోసి, "ఎవరు చూశారర్రా?" అనడిగాడు. నేనే అని చెప్పుకునే మనిషి మనలో పుడతాడా? మన పద్ధతి తెలిసిందే కదా. తనకి రావాల్సింది తనే వద్దనాలి, పక్కవాడికి తొయ్యాలి. పక్కవాడు మళ్లీ వెనక్కి తోస్తాడు. మూడోసారికి అసలువాడు తలొంచుకుని తాగుతాడు. నేనూ అలాగే, "నాకేం కనబడుతుంది, చూస్తే మా తమ్ముడు కాప్లియానాయే చూసుంటాడు" అన్నాను. కప్పు నీ చేతికిచ్చాను. నువ్వు నా ముఖం వంక చూశావు. కప్పు వంక చూశావు. గటగటా తాగేశావు!

అడుగు చుక్క కూడా మిగల్చలేదు కదరా! అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నా చేతులు పడిపోనూ.

ఆ తర్వాత నీకు ఖాకీ స్వెట్టరొచ్చింది, దుర్భిణీ వచ్చింది. క్యాలెండర్ మీద నీ బొమ్మ వేశారు. బడి పిల్లలు "సాథర్ మామయ్యా" అని నీ వెంట పడ్డారు. నేను అదే కొండ కింద పోడు పొలం కాల్చుకుంటూ, అల్లం తవ్వుకుంటూ, నువ్వు దుర్భిణీ మెళ్లో వేసుకుని పైకెళ్తుంటే కడుపులో నిప్పులు పోసుకున్నాను. నీ ఇంటి కొత్త రేకుల మీద వాన పడినా నాకు నిద్ర పట్టేది కాదు. ఇంకా చెప్తాను విను. ఆ ఫిబ్రవరిలో కోల్‌కతా నుంచి పిట్టల్ని చూసేవాళ్లొచ్చారే, వాళ్లకి వావు నెమలికోళ్లని చూపిస్తానని నువ్వు మాటిచ్చావు కదా. తెల్లారకముందే ఆ వెదురుపొదల్లోకి వెళ్లింది నేనే. వెదురు చిగుళ్లు కోస్తున్నట్టు నటించి, కత్తితో బోదెల మీద కొట్టి, ఉన్న నాలుగింటినీ లోయలోకి ఎగరగొట్టేశాను. వాళ్లు ఉత్త చేతులతో పోయారు. ఆ పూట అన్నం రుచిగా అనిపించింది. ఆ పిట్టలేం పాపం చేశాయి? నీ మీద కుళ్లుతో నేను ప్రాణంగా చూసుకునే కొండకే ద్రోహం చేశాను.

ఇక చాలు. శనివారం నేను లేచి నిలబడతాను. పొగడను. సాథర్‌ని చూసింది నేను, కప్పు తాగింది వీడు అని అందరి ముందూ చెప్పేస్తాను. నీకు ముందే తెలియాలని రాస్తున్నాను. వెనకనుంచి పొడిచాడని అనిపించుకోవడం ఇష్టం లేదు. రావడం మానుకుంటావో, వస్తావో నీ ఇష్టం.

నీ మేలు కోరాలని చూసీ కోరలేకపోయిన అన్న,
జాదోలా

*

జాదోలా అన్నకి,

ఈ చేతిరాత నాది కాదు, మా అమ్మాయి మోయీది. నా కళ్లకి కట్లున్నాయి. నీ ఉత్తరం కూడా అదే చదివి వినిపించింది. "గటగటా తాగేశావు" దగ్గరికొచ్చి ఆగిపోయింది. "నాన్నా, పెదనాన్న రాసింది నిజమేనా?" అంది. చదవమన్నాను. "నిజమైతే నేను చదవను" అంది. చదవమ్మా, నిజమే అన్నాను. కన్నకూతురి నోటితో వినాల్సొచ్చింది. నువ్వు కోరుకున్న శిక్ష శనివారందాకా ఆగలేదు, అన్నా. పడిపోయింది.

నువ్వు రాసినదానిలో ఒక్కటే తప్పుంది. నేను చూడలేదనుకున్నావు. కొంచెం చూశాను. లోయలోకి దిగే దారిలో, నీ గట్టుకి కాస్త కిందుగా పొద పట్టుకుని వేలాడుతున్నాను. మంచు చీలినప్పుడు తలెత్తితే రాతి మీద నాలుగు గిట్టలు, ఒక పొట్ట, దాని కింద నాలుగు చిన్న గిట్టలు కనబడ్డాయి. ఆ పైన గట్టు అంచున ఒక బూటు ఉంది. మడమ దగ్గర ఎర్రదారం కుట్టు. ముందురోజు సాయంత్రం ఆ కుట్టు వేసింది ఎవరు? నేనే కదా. నువ్వు దాని ఎదురుగా ఉన్నావని తెలిసే గుడారాలకి తిరిగొచ్చాను. తెలిసే తాగాను.

ఎందుకు తాగానో చెప్తాను. ఆ కప్పు మనిద్దరి మధ్యా అంతకుముందు ఎన్నిసార్లు తిరిగింది? కొండచరియ విరిగి ఇల్లు మునిగినప్పుడు ముసలమ్మని మోసుకొచ్చింది ఇద్దరం. నదిలో పోయినవాణ్ని మూడు రోజులు వెతికి తెచ్చింది ఇద్దరం. ప్రతిసారీ నువ్వు నాకిచ్చేవాడివి. నేను నీకు తిప్పి ఇచ్చేవాణ్ని. చివరికి నువ్వే తాగేవాడివి. వద్దన్న పేరూ నీకే, తాగిన పేరూ నీకే. మా అమ్మ చచ్చేదాకా "జాదోలాలా ఉండరా" అనే అంది. నాకు మాత్రం కడుపుండదా, అన్నా, మండటానికి? ఆ రోజు నువ్వు కప్పందిస్తుంటే నీ ముఖంలో నవ్వు చూశాను. ఎలాగూ వెనక్కొస్తుందిలే అన్న నవ్వు. అది చూసి ఒళ్లు మండిపోయింది. వెనక్కి రాకపోతే ఎలా ఉంటుందో చూద్దామని తాగేశాను. తాగాక భయమేసింది. చెప్పేద్దామనుకునేలోపు చప్పట్లు మొదలయ్యాయి. అందరికంటే గట్టిగా కొట్టింది నువ్వే.

వావుల సంగతి అప్పుడే తెలుసు. వానలకి మొలిచే వెదురు చిగుళ్లని ఫిబ్రవరిలో కోసే మనిషి భూమ్మీద నువ్వొక్కడివే అన్నా! వాళ్లతో గాలి బాగా లేదని చెప్పి పంపించేశాను. నీకూ మండుతోందని తెలిసి ఆ పూట నాకూ అన్నం రుచిగానే అనిపించింది. ఎంత నీచులమో చూడు ఇద్దరం.

దుర్భిణీ, స్వెట్టరు చూసి కుళ్లుకున్నావు. ఆ పదిహేనేళ్లూ నేనేం చేశానో చెప్పనా? పడమటి చరియ పైనుంచి ఆ గట్టు మీదికి ఎన్నోసార్లు దిగబోయాను. ఒక్కసారీ కాళ్లు రాలేదు. దూరం నుంచి గోధుమరంగు చుక్కల్లా కదిలేవాటిని లెక్కపెట్టి పుస్తకంలో రాశాను, అంతే. బడి పిల్లలు "మామయ్యా, సాథర్ ముఖం ఎలా ఉంటుంది?" అని అడిగేవాళ్లు. నల్ల కళ్లు, పొడుగు కొమ్ములు అని నోటికొచ్చింది చెప్పేవాణ్ని. క్యాలెండర్ మీద బొమ్మ గీసినవాడికీ అదే చెప్పాను. నీ ఉత్తరంలో ఆ ముక్క మోయీ చేత నాలుగుసార్లు చదివించుకున్నాను. నాలుగోసారి అది కూడా ఏడ్చింది.

మొదటి కట్టు విప్పినప్పుడు డాక్టర్ ఎడమ కన్ను పోయిందన్నాడు. కుడి కన్నులో వెలుగూ చీకటీ తప్ప ఏమీ ఆనదన్నాడు. ఊళ్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. నీకే చెప్తున్నాను.

శనివారం వస్తున్నాను. ముందు నేను లేస్తాను. బూటు సంగతి, కప్పు సంగతి నా నోటితోనే చెప్తాను. నీకు ఆ శ్రమ వద్దు. తర్వాత నువ్వు లే. నన్ను పొగడకు, తిట్టకు. దాని గొంతు కింద మచ్చ, దాని ఊపిరి, పిల్ల ఎటు నిలబడింది, ఎలా నడిచిపోయింది, అన్నీ మొదటినుంచీ నిదానంగా చెప్పు. ఎవరు మధ్యలో దగ్గినా ఆపకు. నేను ముందు వరసలో కూర్చుంటాను. ఇక నేను దాన్ని చూడాలంటే నువ్వు చెప్పాలి.

నీ తమ్ముడు,
కాప్లియానా