తిరగబడిన రెండు గుర్తులు

బధిర పాఠశాలల తనిఖీ అధికారి గారికి,

అయ్యా,

విషయం: గణిత ముఖాముఖి పరీక్షలో తప్పినట్లు ప్రకటించబడిన తొమ్మిదిమంది విద్యార్థులకు తిరిగి పరీక్ష జరిపించుట గురించి.

వినికిడి లేని పిల్లలకు పందొమ్మిదేళ్లుగా లెక్కలు చెబుతున్న నేను మనవి చేసుకొనునది ఏమనగా:

1. లెక్కల గుర్తులకు మా బడిలో చేతి సంజ్ఞలు లేనందున, పిల్లలూ నేనూ కలిసి ఏడేళ్లలో నూట పన్నెండు కల్పించుకున్నాము. వర్గమూలానికి పిడికిలి మీద ఇంటికప్పులా అరచెయ్యి వంచడం వడ్రంగి గారి అమ్మాయి ఆలోచన. ఎడమ చేతి రెండు వేళ్లు అడ్డంగా విప్పితే ‘చిన్నది’, కుడి చేతివి విప్పితే ‘పెద్దది’.

2. వీటికి బొమ్మలు గీయమని మా డ్రాయింగ్ మాస్టారిని నేనే అడిగాను. పదేళ్లుగా నన్ను నోరారా అక్కా అని పిలిచిన మనిషి. ఫెయిర్ కాపీ చేస్తానని నా నోటుబుక్కు పట్టుకెళ్లారు. ఆరు నెలలకు అది ఆయన పేరుతో శాఖవారి చేతిపుస్తకమై వెలువడినది. ఈ పిల్లలకు ఇంతవరకు లెక్కల సంజ్ఞలే లేవని ముందుమాటలో వ్రాసియున్నారు. దానిమీద నేను ఏ అర్జీ పెట్టలేదు. రెండు రోజులు అన్నం సయించలేదు, అంతే.

3. నేను సంజ్ఞలు చూపుతుండగా ఆయన ఎదురుగా కూర్చుని, మనిషిని వదిలేసి చెయ్యి మాత్రమే గీసినందున, నా ఎడమ చెయ్యి చూసేవారికి కుడి చెయ్యిగా తోచి, పై రెండు సంజ్ఞలు పుస్తకంలో తారుమారైనవి. దానిని చూసి నేర్చుకున్న పరీక్షకులు ‘చిన్నది ఏది’ అనుకుని అడుగగా, పిల్లలకు ‘పెద్దది ఏది’ అని అర్థమైనది. తొమ్మిదిమందీ తమకు అర్థమైన ప్రశ్నకు సరిగానే జవాబు చెప్పి తప్పినారు.

4. స్టాఫ్ రూములో ఆయనను నిలదీసి, పుస్తకంలో తప్పు పడిందని ఒక్క ఉత్తరం వ్రాయమని బతిమాలాను. ఆయన బ్రష్షు కడుక్కుంటూనే, “అక్కా, ఇప్పుడు తప్పు ఒప్పుకుంటే నేనేమైపోతాను? నువ్వంటే సర్దుకుపోతావు,” అన్నారు.

5. మరుసటి వారం నాకు మెమో అందినది. పిల్లలకు సంజ్ఞలు తిరగేసి నేర్పినది నేనేనని ఆయన సంతకంతో వాంగ్మూలమిచ్చినారు. ఆ సంతకం కింద గీసే వంకర గీత కూడా నాకు తెలుసు అయ్యా. వాంగ్మూలం నకలు జత చేయడమైనది.

పుస్తకం మీద నా పేరు అడుగుట లేదు. నా మీద చర్య తీసుకున్ననూ అభ్యంతరం లేదు. పిల్లలను మాత్రం వాళ్లకు తెలిసిన చేతులతో మరొక్కసారి అడిగించి, ఆపైన తమకు న్యాయమని తోచినది చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
లెక్కల టీచరు

తా.క.: తప్పిన తొమ్మిదిమందిలో ఒకతె డ్రాయింగ్ మాస్టారి కూతురు. వాంగ్మూలంలో ఈ మాట లేదు. నిన్న ఆ పిల్ల నా గదికి వచ్చి, తప్పు తనదేనా అని అడిగింది. కాదన్నాను. మరి ఎవరిది అని అడిగింది. నా చేతులు పైకి లేవలేదు అయ్యా.