గడప పాటలో పేరు చెప్పిన గొంతు

కరీంనగర్‌లో ఉంటున్న ఆడెపు జమున అనే నేను, వయసు ముప్పై ఒకటి, అవివాహితను, కాలేజీ లైబ్రరీ ఉద్యోగిని, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఈ వీలునామాను నా చేతితో రాస్తున్నాను. వచ్చే గురువారం హైదరాబాద్‌లో నా గుండెలోని చిన్న రంధ్రం మూస్తారు. డాక్టరు ఇది పెద్ద ఆపరేషన్ కాదన్నారు. నేనూ నమ్ముతున్నాను. అయినా నా దగ్గరున్న వాటిలో ఒకటి న్యాయంగా వేరొకరికి చెందాలి. అది రాసిపెట్టకుండా వెళ్లడం సరికాదనిపించింది.

1. ఈ వీలునామా అమలు బాధ్యత మా పెద్దమ్మ కూతురు రేవతిది. నేను మాట్లాడాల్సిన చోటల్లా చిన్నప్పటి నుంచి తనే మాట్లాడింది. నా స్కూటీ తనకే. వెనక బ్రేకు వదులుగా ఉంది, చూసుకోవాలి.

2. బ్యాంకులో ఉన్నదీ, నా మెడలోని గొలుసూ అమ్మకు. గొలుసు బీరువాలో పెట్టకుండా వేసుకోవాలి. ఇది షరతు కాదు, కోరిక.

3. నా పుస్తకాలన్నీ కాలేజీ లైబ్రరీకి. కాన్వెంటులో చేతిరాతకు బహుమతిగా వచ్చిన డిక్షనరీ కూడా. అందులో నేను గీసిన గీతలు చెరపవద్దు.

4. మా అమ్మమ్మ లస్మవ్వ పాటల హక్కులు, ఆమె పోయేముందు కాగితం రాసి ఇవ్వగా, మూడేళ్ల క్రితం నాకు వచ్చాయి. అందులో అందరూ గడప పాట అనే పాట ఒకటి. కొత్త కోడలు గడప దాటబోతుంటే ఆడబిడ్డలు అడ్డం నిలబడి పెనిమిటి పేరు చెప్పమంటారు. మామూలుగా ఆ పేరు పలకని ఆడవాళ్లు అక్కడ మాత్రం పాటలో పెట్టి చెబుతారు. అమ్మమ్మ క్యాసెట్‌లో చివరి చరణం దగ్గర ఒక చిన్న నవ్వు, ఆ వెంటనే ‘కొమురెల్లి’ అనే పేరు వినిపిస్తాయి. కొమురెల్లి మా తాత. 1996లో ఆ క్యాసెట్ వచ్చిన తర్వాత మెట్‌పల్లి నుంచి ఆసిఫాబాద్ దాకా ఆ పాట మోగని పెళ్లిల్లు లేదు. 2006లో ఆమె మంచి పాటలన్నీ ఏరి సీడీ వేశారు. పది పాటలు. గడప పాట లేదు. కొన్నవాళ్లు సీడీలను తిరిగి తెచ్చి దుకాణంలో పెట్టి వెళ్లారు.

5. తప్పంతా సీడీ వేసిన లక్ష్మీరాజం గారిదే అనుకున్నాం. అమ్మ ఆయనను బజారులో చూసినా పలకరించేది కాదు. పన్నెండేళ్ల నేను ఎవరి ఎదుటా నోరు విప్పలేని పిల్లను కాబట్టి, మీకు పాట వినడం వచ్చా అని గుండ్రటి అక్షరాలతో ఆయనకు కార్డు రాశాను. ఆ కార్డును ఇందుమూలంగా వెనక్కి తీసుకుంటున్నాను.

6. గత నెల ఆయన కొడుకు కుమార్, ఫోన్లలో వినడానికి కొత్తగా వేస్తున్న సంకలనంలో గడప పాట కావాలన్నాడు. సంతకం చేయడానికి వెళ్తే లక్ష్మీరాజం గారు నన్ను ఆగమని జరిగింది చెప్పారు. ఆ పాత క్యాసెట్ రికార్డింగు రోజు తాత అన్నగారు వచ్చి అద్దం అవతల కూర్చున్నారు. బావ ఎదుట అమ్మమ్మకు పెనిమిటి పేరు నోట రాలేదు. నాలుగుసార్లు పేరు దాకా పాడి ఆగిపోయింది. ఐదోసారి పక్కన వంత పాడుతున్న ఐలవ్వ నవ్వేసి, తనే ఆ పేరు చెప్పేసింది. క్యాసెట్‌లో అదే ఉండిపోయింది.

ఊళ్లన్నీ అది అమ్మమ్మ గొంతే అనుకున్నాయి. కానీ చొప్పదండిలో ఐలవ్వ వాడకట్టు వాళ్లు గుర్తుపట్టారు. పవర్‌లూమ్ దగ్గర తోటివాళ్లు ఆమె భర్తను రోజూ ఒకటే అడిగేవారట: “మీ ఇంటామె పిలిచే గీ కొమురెల్లి ఎవలే?” ఆయన ఆమెను పాటకు పోనీయలేదు. రెండేళ్ల తర్వాత పొమ్మన్నా ఆమె పోలేదు.

సీడీ వేసేటప్పుడు అమ్మమ్మ వెళ్లి, ఐలవ్వ పేరూ, ఆమె అలా ఎందుకు చెప్పాల్సి వచ్చిందో కూడా అట్ట మీద వేయమంది. వంత పాడేవాళ్ల పేర్లు ఎవరూ వేయరన్నారు లక్ష్మీరాజం గారు. అయితే మళ్లీ పాడమన్నారు. అప్పటికి బావ పోయి చాలా కాలమైంది. అయినా పెనిమిటి పేరు దగ్గరే ఆమె ఆగిపోయింది. అప్పుడు అంది: “గట్లయితె గా పాట తీసెయ్ రాజం. ఎవలన్న అడిగితె తప్పు నీదే అని జెప్పు.” ఆయన పందొమ్మిదేళ్లు అలాగే అన్నారు. ఇంట్లో కూడా అమ్మమ్మ చెప్పలేదు. చెబితే ఐలవ్వ మళ్లీ నలుగురి నోళ్లలో పడుతుందని ఆమె భయం.

7. పోయిన ఆదివారం చొప్పదండి వెళ్లాను. ఐలవ్వ బీడీలు చుడుతోంది. భర్త పక్కనే మంచం మీద ఉన్నాడు. ఈ మధ్య మంచం దిగడం తక్కువట. పాట ఇవ్వమంటారా అని ఆమెనే అడిగాను. ఆకు కత్తిరిస్తూనే చెప్పింది: “పేరేస్తె ఎయ్యిరి బిడ్డా. గని గా పేరు నేనెందుకు జెప్పిన్నో గూడ రాయిరి. గాయన ఇనేటట్టు రాయిరి.” కాగితానికి ఆయన పేరు కావాలన్నాను. ఆమె నవ్వి మంచం వైపు గడ్డంతో చూపించింది. పేరు ఆయనే చెప్పాడు.

కావున గడప పాట మీద నాకున్న హక్కంతా చొప్పదండి వాసి ఐలవ్వకు (భర్త రాజేశం) ఇస్తున్నాను. పాటను సంకలనంలో వేయాలంటే కింది రెండు వాక్యాలు మొదట రావాలి, ఎవరూ కత్తిరించకూడదు: ‘ఈ పాటలో లస్మవ్వ పెనిమిటి పేరు పలికింది ఐలవ్వ. బావ ఎదుట లస్మవ్వకు నోరు రాకపోతే, ఆమె కోసం పలికింది.’ నేను ఆపరేషన్ అయ్యి తిరిగొస్తే ఇదే మాట ఒప్పందంగా రాసి సంతకం చేస్తాను. రాకపోతే రేవతి ఆ వాక్యాలను ముందుగా రాజేశం గారికి చదివి వినిపించాలి. కుమార్ దగ్గరికి ఆ తర్వాతే వెళ్లాలి. ఆలస్యం చేయవద్దు.

8. గడప దగ్గర నిలబడి, తమ తమ పేర్లు పెట్టుకుని ఆ పాట పాడే ఆడవాళ్లకు ఎవరి అనుమతీ అవసరం లేదు.

నాకు ఇంకేమీ లేదు. ఉన్నది చాలు.

కరీంనగర్, 2025 నవంబరు 9, ఆదివారం.

(సంతకం) ఆడెపు జమున

సాక్షులు:

శ్యామల, కాలేజీ లైబ్రరీలో నా తోటి ఉద్యోగి. (సంతకం)

లక్ష్మీరాజం, పాటల క్యాసెట్ల వ్యాపారం, కరీంనగర్. (సంతకం) ఆయన తన చేతితో కింద రాసింది: ‘ఐలవ్వ గురించి పైన ఉన్నది నిజం. ఆ దినం టేపు తిప్పింది నేనే. ఆమె పేరు అప్పుడే అట్ట మీద వేయవలసింది.’